మిరపకాయ ముట్టని చేయి

మా ఊళ్ళో కొత్తవాళ్ళకి నన్ను చూపించాల్సి వస్తే ఇప్పటికీ "సారెతో పాటు పిల్లిని తెచ్చుకుందే, ఆవిడ" అంటారు. తల నెరిసినా ఆ మాట మాత్రం పోలేదు. పోకపోతే పోనివ్వండి, అబద్ధమేం కాదుగా. పొన్నూరు దగ్గర మా పుట్టింటి నుంచి చిలకలూరిపేట అవతల ఈ మిరప చేల మధ్యకి కాపరానికి వచ్చిన రోజున నా వెంట వచ్చినవి అరిసెల బిందె, చలిమిడి డబ్బా, ఒక బీరువా, వెదురు బుట్టలో ఒక పిల్లికూన.

అదంతా మా అమ్మ చేసిన పని. దాని తల్లి లారీ కింద పడితే కళ్ళు తెరవని ఆ కూనకి దూది వత్తితో పాలు పిండి బతికించింది నేను. అప్పగింతలప్పుడు నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే పుట్టింటి మీద బెంగ అనుకున్నారంతా. నిజం చెప్పొద్దూ, అందులో సగం ఏడుపు పిల్లికోసం. అది మా అమ్మ ఒక్కదానికే తెలుసు. పాలపళ్ళెంలో నా చేతులు ముంచి అత్తయ్య చేతుల్లో పెట్టిందా, పెట్టి ఊరుకోలేదు. బుట్ట తెప్పించి ఆ కూన ముందుకాళ్ళు కూడా పాలల్లో తడిపి అత్తయ్య అరచేతిలో ఆనించింది.

"వదినగారూ, దీన్ని కూడా మీకే అప్పగిస్తున్నానండీ. ఇవి రెండూ ఒకదాన్నొదిలి ఒకటి ఉండవు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

పందిట్లో ఒకటే నవ్వులు. అత్తయ్య మొహం మాత్రం మాడిపోయింది. "మేం కోడలొక్కతే అనుకున్నామండీ" అంది పుల్లవిరుపుగా. అందేగానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. "ధాన్యం ఇళ్ళల్లో పిల్లంటే అర్థముంది. మిరపకాయల ఇంట్లో పిల్లెందుకే? ఎలక కాయ కొరికి చూసి అదే పారిపోద్ది" అనేది అత్తయ్య. దాన్ని ఎప్పుడూ పిల్లి అనేది కాదు, "మీ అమ్మ పిల్లి" అనేది. మీ అమ్మ పిల్లి పాలగిన్నె మీద మూత తోసింది. మీ అమ్మ పిల్లి పొయ్యిలో పడుకుని బూడిద మొహంతో లేచింది. మంచి ధర వచ్చేదాకా అమ్మకుండా ముందుగదిలో పత్తి పోసి పెట్టుకుంటే, ఆ కుప్పలో గుంట చేసుకుని మహారాణిలా పడుకునేది అది. అత్తయ్య చీపురు పట్టుకుని తరిమేది. అది కాసేపాగి మళ్ళీ వచ్చి అదే గుంటలో పడుకునేది. ఇద్దరూ ఇద్దరే, ఒకళ్ళకి ఒకళ్ళు తీసిపోరు.

కొన్నేళ్ళకి మా అమ్మ పోయింది. దినాలన్నీ అయ్యాక నేను తిరిగొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "కాళ్ళు కడుక్కో. పిల్లి నువ్వెళ్ళిన కాడ్నుంచీ గడప దిగలేదు, నీ కోసమే చూస్తంది" అంది. మీ అమ్మ పిల్లి అనలేదు. ఆ తరవాత కూడా ఇంకెప్పుడూ అనలేదు. నేను గమనించాను. ఆ మరుసటేడు మా అన్నయ్య పాత ఇల్లు పడగొట్టి డాబా వేశాడు. ఇంక మా అమ్మ ఇంట్లోదంటూ ప్రాణంతో నాకు మిగిలింది ఆ పిల్లి ఒక్కటే. దానికి జబ్బు చేసినప్పుడు నేను అంత గోల చేశానంటే అందుకే.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు ఒకటీ అరా వస్తున్న రోజులవి. పిల్లి బాగా ముసలిదైపోయింది. పళ్ళు చాలామటుకు ఊడిపోయాయి. చలికాలంలో మొదలుపెట్టి ఎప్పుడు చూసినా నీళ్ళ తొట్టి దగ్గరే, తాగినన్ని నీళ్ళు తాగడం, చిక్కిపోవడం. వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు చేతికి తగిలేవి. బుట్టలో పెట్టి పైన పాత చీర కట్టి బస్సెక్కి పేటలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడంతా గేదెలు, దూడలు. "ఏమ్మా, కోడిపుంజా?" అన్నాడొకాయన నా బుట్ట చూసి. పిల్లి అని చెప్పగానే వరండా వరండా అంతా నవ్వింది. నవ్వండి నాయనా, మీ గేదెలు మీకెంతో ఇది నాకంత అనుకున్నాను.

డాక్టరు మాత్రం నవ్వలేదు. నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. "మూత్రపిండాలు పాడయ్యాయమ్మా. నోరంతా పుళ్ళు. వయసైపోయింది, బాగుచేయడం కుదరదు. మెత్తగా కలిపి కొంచెం కొంచెం పెడతా ఉండండి. తింటున్నన్నాళ్ళు ఉంటది. తిండి మానేసిందా, ఇంక దాన్ని ఇబ్బంది పెట్టకండి" అన్నాడు. ఆ మాట మనసులో నాటుకుపోయింది. తింటే ఉంటుంది. తినకపోతే లేదు.

అందుకని తినిపించడమే పని పెట్టుకున్నాను. అన్నం పాలల్లో మెత్తగా పిసికి, ఎప్పుడన్నా ఉప్పు లేకుండా ఉడికించిన చేపముక్క ముళ్ళు తీసి కలిపి, వేలికి రాసి నోటి దగ్గర పెడితే నాకేది. పళ్ళెంలో పెడితే ముట్టదు. స్టీలు చెంచా తగిలితే తల తిప్పేసుకుంటుంది. వేలే కావాలి దొరసానికి. అలాగే కానిమ్మని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని ముందు కూర్చునేదాన్ని. వీపు కాస్త నిండింది కూడా. మళ్ళీ పత్తి కుప్పెక్కి పడుకుంటే నాకు పండగలా అనిపించింది.

మాఘమాసం దాటేసరికి కళ్ళాలు ఎర్రబడ్డాయి. కోసిన కాయ ఆరబోయడం, తిరగేయడం, తాలుకాయ ఏరడం, కూలీలు దొరక్క ఇంటిల్లిపాదీ కళ్ళంలోనే. ఒక సాయంత్రం ఇంటికొచ్చి సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుని పిల్లికి కలిపి పెట్టాను. నాకింది. నాకి, తల విదిలించుకుని, చొంగ కార్చుకుంటూ మంచం కిందికి దూరిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నా వేలు చూడగానే వెనక్కి నక్కింది. కళ్ళు తెరవకముందు నుంచీ నా చేతి పాలు తాగిన పిల్లి, నా చేయంటే భయపడింది.

పక్కింటి పిన్ని వచ్చి చూసి పెదవి విరిచింది. "దానికి టైమొచ్చిందే అమ్మాయ్. పిల్లి ఇంట్లో చస్తే అరిష్టం. గోతంలో వేసి మీ ఆయన్ని వాగవతల వదిలిపెట్టి రమ్మను. చంపితే బంగారు పిల్లిని దానమియ్యాలి గానీ, వదిలితే పాపం లేదు" అంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఊళ్ళో అందరూ చేసే పని తప్పని ఆయనకి తోచదు. వెళ్ళి ఒక ఖాళీ గోతం తెచ్చి తలుపు పక్కన పెట్టాడు.

"ఏమండీ, అందులో నన్ను కూడా వేసుకెళ్ళండి. మా అమ్మ ఇద్దర్నీ కలిపే పంపింది" అన్నాను.

"ఏంటే ఆ మాటలు? అది తినట్లేదుగా, చూస్తా ఊరుకుంటే ఇంకా బాధపడదా?"

"బాధపడితే నా ఒళ్ళో పడుద్ది. వాగవతల కుక్కల మధ్య పడదు!"

ఇంటిముందు పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. అరిచి, కూర్చుని ఏడ్చాను. అప్పుడే కళ్ళంలో నుంచి వచ్చింది అత్తయ్య, తలకి కట్టిన గుడ్డ ఇంకా విప్పనే లేదు. గోతం చూసింది, నన్ను చూసింది.

"ఏదీ, మళ్ళీ పెట్టు, చూస్తా" అంది.

వేలికి అన్నం రాసి మంచం కిందికి పెట్టాను. వాసన పట్టి, మెల్లగా పాక్కుంటూ వచ్చింది పిల్లి. ఒక్కసారి నాకింది. వెంటనే మూతి కాలితో రుద్దుకుంటూ వెనక్కి పోయింది.

"ఆకలి లేనిది వాసనకి రాదే" అంది అత్తయ్య. అని, గభాల్న నా చెయ్యి గుంజి ఆ వేలు తన నాలుక మీద రాసుకుంది. నేను బిత్తరపోయాను. ఆవిడ తుపుక్కున ఊసి, "కారమే తింగరిదానా! కారం! పుండు నోట్లో మిరపకాయ పెడతన్నావు!" అని నెత్తిన ఒక్కటిచ్చింది.

అంత కారం మా చేతులకి ఉన్నట్టు మాకే తెలియదు. సీజన్ మొదట్లో చేతులు భగ్గుమంటాయి, మజ్జిగలో ముంచుతాం, ఆముదం రాస్తాం. నాలుగు రోజులు పోతే చర్మం మొద్దుబారి ఇంక మంట తెలియదు. మంట తెలియడం లేదు కాబట్టి కారం పోయిందనుకుంటాం. అది సబ్బుకి పోదు, గోళ్ళ సందుల్లో, గీతల్లో కూర్చుంటుంది. అందుకే మా వైపు చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఒక మనిషిని కాయ ముట్టనివ్వరు. నా పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు నన్ను కళ్ళం ఛాయలకి కూడా రానివ్వలేదు అత్తయ్య. అన్నీ తెలిసిన ఇల్లే. పిల్లి విషయంలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మరి ఇప్పుడెవరు పెట్టాలి? ఇంట్లో అందరివీ మిరపకాయ చేతులే. అత్తయ్య తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. తాలుకాయ ఏరడంలో ఆ చేతులకి ఊళ్ళో జోడీ లేదు. కాయ వంక చూడదు, పట్టుకుంటే చాలు గట్టిదో తాలో తెలిసిపోతుంది. పెద్ద రైతులు కూడా బతిమాలి పిలుచుకెళ్ళేవాళ్ళు.

"ఈ యేడు నేను కాయ ముట్టను" అంది.

మా ఆయన నెత్తిన పిడుగు పడ్డట్టు చూశాడు. "అమ్మా, పిచ్చా నీకు? మనుషులు దొరక్క చస్తంటే!"

"చావండి. ముట్టనంటే ముట్టను. ముందా గోతం తీసి అటక మీద పడెయ్."

ఆవిడ చేతులు మామూలు కావడానికి కొన్నాళ్ళు పట్టింది. నువ్వులనూనె రాసుకుని శనగపిండితో రుద్దుకోవడం, నాలుకకి రాసుకుని చూసుకోవడం, మొహం చిట్లించి మళ్ళీ రుద్దుకోవడం. అప్పటిదాకా గడవడానికి పెట్టెలోంచి నా పిల్లల ఉగ్గుగిన్నె తీసింది. వాళ్ళకి పాలు పట్టిన వెండి గిన్నె అది. దాని ముక్కుతో పిల్లి నోట్లో చుక్కలు చుక్కలుగా గంజీ పాలూ పోసేవాళ్ళం. పోసింది పోసినట్టు మింగింది. తరవాత ఒక పొద్దున అత్తయ్య వేలికి పెరుగన్నం రాసి పెడితే పిల్లి భయం భయంగా వాసన చూసి, ఒకసారి నాకి, ఆగి, మళ్ళీ నాకింది. ఆపకుండా నాకింది. అత్తయ్య చెయ్యి కదపకుండా కూర్చుంది. నేను వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను, ఈసారి సంతోషానికి.

ఊరు ఊరుకుంటుందా? "పిల్లి కోసం మిరపకాయ ముట్టదంట" అని బావి దగ్గరా కళ్ళాల దగ్గరా ఒకటే వేళాకోళం. అత్తయ్య అరుగు మీద పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు గోరింటాకు పెట్టుకున్నట్టు పైకి చాపుకుని కూర్చునేది. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకోలేదు. "ఒరేయ్, ఆ పక్క కాయ తిరగేయండ్రా, అడుగున బూజు పడుద్ది!" అని అక్కడ్నుంచే కేకలు. పక్కింటి పిన్ని ఎగతాళి చేస్తే, "పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారుగా, అయినా ఎందుకైనా మంచిదని" అని నవ్వేసింది. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, ఎందుకత్తయ్యా ఇంత కష్టం అని. "నీకు చేతగాకేగా" అంది.

అలా ఆ ఎండాకాలమంతా గడిచింది. అత్తయ్య వేలు నాకి బతికింది పిల్లి. తొలకరి పడ్డ పొద్దున అరుగు మీంచి పిలిచింది ఆవిడ, "అమ్మాయ్, ఇట్రా" అని, ఎప్పుడూ లేనంత మెల్లగా. వెళ్ళేసరికి పిల్లి గడ్డం ఆవిడ అరచేతిలో ఆనించి ఉంది. వేలికి పెరుగు ఉంది, నాకడం లేదు. నేను పక్కన కూర్చుని వెన్ను నిమిరాను. కళ్ళెత్తి నా వంక చూసింది. కాసేపటికి పొట్ట ఆడడం ఆగిపోయింది.

నిమ్మచెట్టు కింద గొయ్యి తీశాడు మా ఆయన. మనిషికి తీసినంత శ్రద్ధగా తీశాడు. గుడ్డలో చుట్టి దించబోతుంటే, "ఆగు" అని లోపలికెళ్ళింది అత్తయ్య. చిన్న పళ్ళెంలో పాలు తెచ్చింది. గొయ్యి పక్కన కూలబడి, గుడ్డ తొలగించి, దాని ముందుకాళ్ళు రెండూ పాలల్లో తడిపింది. ఆ తడి కాళ్ళని కాసేపు తన అరచేతిలో పట్టుకుంది.

"వదినగారూ, మీ పిల్లండీ. మీరప్పగించినట్టే ఒప్పజెబుతున్నా" అంది, ఎదురుగా మా అమ్మ నిలబడి ఉన్నట్టు.

అప్పుడు తెలిసింది నాకు, పందిట్లో అందరూ నవ్విన మాట ఆవిడ ఇన్నేళ్ళూ నవ్వులాటగా తీసుకోలేదని. నేను మట్టిలోనే కూర్చుని భోరుమన్నాను. మా అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

గొయ్యి పూడ్చాక అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి, పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ఆ చేత్తోనే ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది.

"తిను. నాకప్పగించినవాటిల్లో ఇంక నువ్వొక్కదానివే మిగిలావు" అంది.

తిన్నాను.