రఫూ చాప దగ్గర సిగ్నల్

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే టీ కప్పు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ మారేడ్‌పల్లిలో ఆ మధ్యాహ్నం జరిగింది మాత్రం నా చదువుకు అందలేదు.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. బేగంపేటలోని ఓ చిన్న కంపెనీలో ఇంజనీరుగా చేసేదాన్ని. వస్తువులకు పెట్టే ట్యాగులు, వాటిని వెతికే రీడర్లు మా సరుకు. ట్యాగులో బ్యాటరీ ఉండదు. మన చేతిలోని రీడరు పంపే రేడియో తరంగాలతోనే అది మేలుకుని తన నంబరు చెబుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ తెర మీద సిగ్నల్ గీతలు పెరుగుతాయి.

మారేడ్‌పల్లిలో ఒక డ్రైక్లీనింగ్ షాపులో ట్రయల్ పెట్టాం. ప్రతి బట్టకూ ఒక ట్యాగు కుట్టించాం. రెండో వారంలోనే ఒక పెళ్లికూతురి పట్టుచీర మాయమైంది. చిరిగిన బట్టలకు రఫూ చేసే ఖలీల్ భాయ్ మీద యజమానికి అనుమానం. చీర చివరిసారి ఆయన చేతికే వెళ్లిందట.

నన్ను పిలిపించారు. రీడరులో చీర నంబరు పెట్టి షాపంతా తిరిగాను. ఖలీల్ భాయ్ చాప దగ్గర గీతలన్నీ ఒక్కసారిగా నిండిపోయాయి.

"మిషిన్ అబద్ధం చెప్తదా? తియ్ చీర," అన్నాడు యజమాని.

"పదిహేనేళ్లసంది ఈడ్నే కూసుంటున్న సేట్. గిట్లెప్పుడన్న చేసిన్నా?" అని ఖలీల్ భాయ్ నా వైపు తిరిగాడు. "మేడం, జెర మంచిగ చూడండి."

ఆయన పెట్టె, సంచి, చాప కింద, అన్నీ చూశాం. దారాలు, సూదులు, టిఫిన్ డబ్బా. అంతే. నా మిషన్ వల్ల ఒక మనిషి పని పోయేలా ఉంది.

అప్పుడు సిగ్నల్ తగ్గడం మొదలైంది. నేను కదల్లేదు. ఎవరూ కదల్లేదు. ఎవరో లేచి నడిచి వెళ్తున్నట్టు గీతలు ఒక్కొక్కటే పోతున్నాయి. వెనక గది వైపు రెండడుగులు వేస్తే మళ్లీ పెరిగాయి. ఆగితే తగ్గాయి. అలా దాని వెనకాలే వెళ్లాను. వెనక గదిలో, చెడిపోయి మూల పడేసిన పెద్ద వాషింగ్ మిషన్ ముందు అది నిలిచింది.

ఇనుప మూత తీశాం. పాత దుప్పట్ల కింద చీర ఉంది. ఎవరో పొరపాటున పడేసుంటారని యజమాని గొణిగాడు. ఖలీల్ భాయ్ చీర మడత విప్పి ఎక్కడైనా చిరిగిందేమో చూశాడు.

నాకు మాత్రం స్థిమితం పోయింది. అలా మూసిన ఇనుప డ్రమ్ములోంచి సిగ్నల్ బయటికి రాదు. అదీగాక చీర అంచున కుట్టిన ట్యాగు రెండు ముక్కలై ఉంది. రీడరు ఆనించి చూశాను. పలకలేదు. మర్నాడు ఆఫీసులో మరో రెండు రీడర్లతో చూసినా పలకలేదు.

గోడలకు తగిలి తరంగాలు తిరిగొచ్చాయని రిపోర్టులో రాశాను. చచ్చిపోయిన ట్యాగు ఏ గోడ నుంచీ పలకదని రాస్తున్నప్పుడే తెలుసు.

చీర దొరికిన రోజు నేను షాపు నుంచి బయల్దేరుతుంటే ఖలీల్ భాయ్ గుమ్మం దాకా వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"చీర ఆడ ఉంటే, నా పక్కన కూసున్నదెవరు మేడం?"