ఇద్దరి పేర్ల పాసు

ముప్పై ఒక్క ఏళ్లు బావి మీద మస్టర్ రాసిన మనిషి సామ్యేల్. బావి అంటే నీళ్ల బావి అనుకునేరు, బొగ్గుబావి. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు నాగా పెట్టారు, ఎవరు దవాఖానలో ఉన్నారు, అంతా ఆయన గీసిన గళ్లలోనే. వచ్చినవాడికి పి, రానివాడికి ఏ, జబ్బుపడ్డవాడికి ఎస్. షిఫ్టుకు ఎన్ని వందల పేర్లున్నా ఒక్క గడి తప్పేది కాదు.

అలాంటి మనిషి 2009 మే నెలలో ఒక మధ్యాహ్నం, గోదావరిఖనిలో వీరేందర్ నడిపే ట్రావెల్స్ దుకాణంలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నాడు. పక్కన కూలర్ నీటి తుంపరలు చొక్కా మీద పడుతున్నా జరగలేదు. నాలుగు నెలలుగా ఇదే వరస. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. భార్య సుసన్నాను సమాధి చేసిననాడు కూడా కంట చుక్క రాలలేదు. “ఏం మనిషో తల్లీ, రాయి!” అని చర్చిలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడినా ఏమీ అనిపించలేదు.

సుసన్నా కంపెనీ దవాఖానలో నర్సు. తల్లీ తండ్రీ లేని పిల్లను మార్త అనే జర్మనీ నర్సమ్మ మిషన్ దవాఖానలో పెట్టుకుని పెంచింది, చదివించింది. ముసలితనం వచ్చాక మార్తమ్మ తన దేశం వెళ్లిపోయింది. ప్రతి క్రిస్మస్‌కూ వంకర టింకర తెలుగు అక్షరాలతో ఉత్తరం వచ్చేది: ‘బిడ్డా, ఒక్కసారి నన్ను చూసి పో.’ ఇప్పుడామెకు తొంభై నిండాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ రిటైరయ్యాక ఆ ప్రయాణం పెట్టుకున్నారు. విమానం ఖాయమైంది. పేచీ అంతా అక్కడి రైలు దగ్గరే వచ్చింది, టికెట్టు తీయాలా, ఎన్నిసార్లయినా ఎక్కి దిగే పాసు తీయాలా అని.

“టికెట్ తీస్తే సరిపాయె,” అన్నాడు సామ్యేల్. “విమానం దిగి ఎక్కుతం, మార్తమ్మ ఊర్ల దిగుతం, మళ్ల వస్తం. పాసెందుకు?”

“ఏందయ్యా, ముప్పై ఏండ్లు సైరన్ మోగితే లేసినవు, సైరన్ మోగితే తిన్నవు. ఆడ గూడ టైం చూసుకుంట ఉరుకుడేనా? పాసుంటే మనిష్టం. బుద్ధి పుట్టినకాడ దిగుతం, చాయ్ తాగుతం, ఎనుకొచ్చే బండి ఎక్కుతం.”

“తెల్వని దేశంల తప్పిపోతమే.”

“ఇద్దరం ఒక్కకాడనే తప్పిపోతం గద, ఇంకేం ఫికర్?”

ఆమెతో మాట్లాడి గెలిచిందెప్పుడు? పాసే తీశారు. వీరేందరే తెప్పించాడు. జంట పాసు అది. ఒకే కాగితం మీద పైన సుసన్నా పేరు, కింద సామ్యేల్ పేరు. ఇద్దరూ ఒకే బండిలో ఉంటేనే చెల్లుతుంది. “మంచిదే, నన్నిడిసిపెట్టి ఈయన యాడికీ పోలేడు,” అని నవ్వి, సుసన్నా దాన్ని బీరువాలో చీరల మడతల్లో దాచింది. జనవరిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతూ అక్కడే కూలబడింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

కూతురు ఫెబా గోలేటిలో టీచరు. మార్తమ్మకు ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. “బాపూ, నువ్వు పోవాలె. ఎదురుగ కూసొని చెప్పాలె. ఆ ముసలామె ఇంకెన్నొద్దులుంటదో,” అంది. సామ్యేల్ సరే అన్నాడు. ఈ మధ్య ఎవరేమడిగినా సరే అనడమే కదా.

“కాకా, గీ పాసు మీద ఒక్కనివి పోతే ఎక్కనియ్యరు,” అన్నాడు వీరేందర్. “ఇది వాపస్ ఇచ్చి ఒక్కని టికెట్‌గ మార్చుకోవాలె. ఇయ్యాల్నే ఆఖరు. గీ ఫారం నింపు.”

పేరు, పాసు నంబరు, తేదీ. ముత్యాల్లాంటి అక్షరాలు చకచకా పడ్డాయి. చివరి గడిలో ‘రెండో ప్రయాణికులు రాకపోవడానికి కారణం’ అని ఉంది. అక్కడా పెన్ను ఆగలేదు.

వీరేందర్ వంగి చూశాడు. “కాకా, గిదేంది? ఎస్ అని రాసినవ్?”

“సిక్,” అన్నాడు సామ్యేల్, మామూలుగా.

వీరేందర్ ఆ గడి మీద వేలు పెట్టాడు. “గట్ల రాస్తే మార్చరు కాకా. ఉన్నది రాయాలె.”

“ఇయ్యాల్టికి గట్లనే ఉండనియ్యి.”

అనేశాక ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది. వీరేందర్ తల్లి సారవ్వది. ఏనాడో ఆమె భర్త, ఆ బావి కార్మికుడు మొగిలి, జబ్బు చేసి ఊరికి పోయి, అక్కడే చనిపోయాడు. బావి మీద అందరికీ తెలుసు. కానీ ఇంటివాళ్లు చావు కాగితం తెచ్చేదాకా సామ్యేల్ ఎవరి పేరూ కొట్టేసేవాడు కాదు. సారవ్వ తేలేదు. మూడు నెలలు మొగిలి గడిలో ఎస్ వేస్తూ పోయాడు. ఓపిక నశించి పిలిపించాడు. “ఇంకెన్నొద్దులు ఎస్ వెయ్యమంటవవ్వా? కాయిదం తే. నీకు రావాల్సినయన్ని ఆగినయి,” అని గద్దించాడు. ఆమె ఆఫీసు కిటికీ ఊచలు పట్టుకుని, “ఇయ్యాల్టికి ఎస్సే వెయ్యి సారూ,” అంది. మర్నాడూ అదే మాట. చదువూ సంధ్యా లేని మనిషి, కాగితం విలువ ఏం తెలుస్తుందిలే అని విసుక్కున్నాడు. అయ్యో! ఆ కాగితం ఏమిటో ఆమెకు తెలిసినంతగా తనకేం తెలుసు?

“మీ అవ్వ కాయిదం తెచ్చిచ్చిననాడు, ఇంటికొచ్చి ఏం చేసిందిరా?” అడిగాడు.

“ఏడ్సింది కాకా. అప్పటిదాక ఏడ్వలే. ఆనాడే ఏడ్సింది.”

సామ్యేల్ ఫారం దగ్గరికి లాక్కున్నాడు. “ఎర్ర పెన్నుందా?” అన్నాడు. పోయినవాళ్ల పేర్లను మస్టర్‌లో ఆయన ఎర్ర సిరాతోనే కొట్టేసేవాడు. వీరేందర్ సొరుగంతా వెతికి తీసిచ్చాడు. ఎస్ మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఉన్నది రాశాడు. తేదీ కూడా వేశాడు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి.

“సుసన్నా సచ్చిపోయింది, వీరేందర్,” అన్నాడు.

పాస్టరు గారు ప్రభువులో నిద్రించింది అన్నారు. ఫెబా అమ్మ పోయింది అంది. నాలుగు నెలల్లో ఆయన నోట మాత్రం ఆ చావు మాటే రాలేదు, ఇదే మొదలు. సమాధి చేసిననాడు శవపెట్టెకు భుజం పట్టిన నలుగురిలో వీరేందర్ కూడా ఉన్నాడు.

“ఎరుకే కాకా,” అన్నాడు మెల్లగా.

తర్వాత ఫారం తీసుకుని కంప్యూటర్ వైపు తిరిగాడు. “ఒక్కటే టికెట్ తీస్తున్న. సీదా పోతవా, నడుమ ఏడన్న దిగుతవా?”

“దిగుత,” అన్నాడు సామ్యేల్. దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. “ఒక్కకాడ దిగుత. చాయ్ తాగేతందుకు.”