తలుపు దాటిన అడుగులు

సినిమాల్లో పాత్రల అడుగుల చప్పుడు స్టూడియోలో చేసిపెట్టే పెద్దాయన చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఆడవాళ్ల చెప్పుల్లో సగం పాదాలు దూర్చి, తెర చూస్తూ చెక్కమీద నడుస్తాడు. ఇన్నేళ్లలో తడబడింది లేదు. ఆవేళ తెరమీద ఖాళీ గదిలో ఒక పిల్ల. కెమెరా దూరంగా, నేలకి ఆనుకుని, కదలకుండా ఉంది. పిల్ల చూపు మూసిన తలుపు మీదే. బయట మెట్లెక్కి వచ్చే తల్లి కనబడదు. ఆమె అడుగులు వినబడి తలుపు దగ్గర ఆగాలి. పెద్దాయన అడుగులు దగ్గరికొచ్చి, తలుపు ముందు ఆగకుండా దాటి, అలాగే దూరమైపోయాయి.

"ఆగాలి కదా బాబాయ్, వచ్చింది వాళ్లమ్మ," అన్నాడు దర్శకుడు.

పెద్దాయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు.

"చిన్నప్పుడు మా తలుపు దగ్గర ఏ అడుగులూ ఆగలేదు బాబూ. ఎలా ఆగుతాయో ఓసారి నువ్వు నడిచి చూపించు."