దవాఖానకు నీళ్లొచ్చిన రోజు

మొన్న నాగిరెడ్డిపేట చెల్లె మా ఇంటి ముందు బస్సు దిగి, "అక్కా, మన దవాఖాన్ల మిషన్ నడుస్తున్నది. ఇయ్యాల అందరికంటె ముందుగాల నాకే పెడతరు. కొబ్బరికాయ నువ్వే కొట్టాలె, నడువు" అంది. మొగుడు పోయినదాని చేత శుభానికి కాయ కొట్టిస్తారటే అన్నాను. "కొట్టిస్త. ఎవడేమంటడో చూస్త" అని చెయ్యి పట్టి గుంజింది. ఆమె నా తోడబుట్టినది కాదు. మా ఆయన బస్సులో సంపాదించిన చుట్టం.

ఆయన కిడ్నీలు ఖరాబైన నాటి నుంచి వారానికి రెండుసార్లు ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డికి పోయి మిషన్ మీద రక్తం కడిగించుకునేవాడు. సద్ది డబ్బా, దుప్పటి పట్టుకుని వెనకాల నేను. ఆ రోగమున్నవాళ్లకు తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి, అందుకని రోజంతటికీ చిన్న చెంబుడే. ఎండాకాలం బస్సు కిటికీలోంచి పొలాల్లో పోసే బోరును, కల్లు మానినవాడు కల్లు దుకాణాన్ని చూసినట్టు చూసేవాడు. ఈ చెల్లెకూ అదే రోగం. కామారెడ్డిలో మంచం ఖాళీ అయిందా అని అడగడానికే పాపం అదే బస్సులో వచ్చేది.

అప్పుడే మా మండలం దవాఖానకు మిషన్ దిగింది. మా ఆయన లారీ వెనకే నడిచిపోయి, కొత్త ట్రాక్టరుకు చేసినట్టు పసుపు కుంకుమ పెట్టాడు. విప్పనైనా లేదు, అట్టడబ్బా మీదే బొట్టు. ఆ వారమే కామారెడ్డిలో తన మంచం చెల్లెకు ఇప్పించాడు. "నాకు ఇంటి ముంగటికే అచ్చింది. నువ్వు పండుకో చెల్లె" అన్నాడు.

మిషన్ నడవలేదు. దానికి మనం తాగే నీళ్లు పనికిరావట, ఇంకా శుద్ధమైనవి కావాలట, దానికో ప్లాంటు పెట్టాలట. నర్సమ్మ చెప్పింది: "బాపూ, మిషన్ ఢిల్లీ సర్కారుది. ప్లాంటు హైదరాబాద్ సర్కారు పెట్టాలె. వీళ్లు పైసలు ఢిల్లీ వాళ్లనే ఇయ్యుమంటున్నరు. వాళ్లు మా పని అయిపోయిందంటున్నరు." మా ఆయన నవ్వాడు. "ఒకడు బండిచ్చిండు, ఇంకోడు ఎద్దులిస్తనన్నడు. నేనేమో అప్పుడే బండెక్కి కూసున్న."

మళ్లీ కామారెడ్డి పోతే మంచాలన్నీ నిండి ఉన్నాయి. చెల్లె లేచి కూర్చుంది. "అన్నా, నీ మంచం నీకే. నేను దిగుత."

"ఇచ్చినంక గుంజుకుంటరా? పండుకో."

ఆమె ఏడ్చింది, ఈయన కసిరాడు. ఆఖరికి డాక్టరు తల కొట్టుకుంటుండగానే ఇద్దరూ ఒప్పందానికొచ్చారు: వారంలో ఒకరోజు ఆమెది, ఒకరోజు ఈయనది. రెండు సర్కార్లకు కుదరని పంపకం ఇద్దరు రోగులకు ఒక మంచం మీద కుదిరింది. కానీ సగం కడిగితే నిండు మనిషి బతకడు. ఆమె ఎట్లనో తట్టుకుంది. ఈయనకు కాళ్లు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది, పండుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేవాడు. పోచారం ప్రాజెక్టు నిండి అలుగు పారుతోందని ఊరంతా చూడబోయిన వానాకాలంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి పోయాడు. నీళ్లు లేక మిషన్ ఆగింది. నీళ్లెక్కువై మనిషి ఆగాడు.

ఇప్పుడు ప్లాంటు వచ్చింది. ఎవరిచ్చారో నేను అడగలేదు, గోడ మీద రెండు సర్కార్ల ఫొటోలూ ఉన్నాయి. గడప దగ్గర కాయ కొట్టాను. ఆ నీళ్లు చెల్లె తాగకూడదు, మెట్ల మీదే పారబోశాను. మూలన మడిచిపెట్టిన అట్టడబ్బా మీద కుంకుమ ఎండి నల్లబడి ఉంది.

చెల్లె మంచం ఎక్కడానికి జంకింది. "అక్కా, ఈడ మొదలు అన్న పండాల్సుండె."

"పండుకో" అన్నాను.

సూది గుచ్చారు, మిషన్ మోగింది, ఆమె కళ్లు మూసుకుంది. పక్కన స్టూలు మీద కూర్చుని పైపులో నీళ్ల చప్పుడు వింటూ ఉండిపోయాను. ఎన్నాళ్లైనా ఆగే ఓపిక కాలానికి ఉంటుంది, ఒంటికి ఉండదు.