ఉమ్ సలాల్ తోటలో గాలం వేసే మర్యాదలు

ఆ శుక్రవారం ఉమ్ సలాల్‌లో ఒక ఖర్జూరం తోట గేటు ముందు బస్సు ఆగి, ముప్పై ఒక్క మంది గాలాలతో దిగారని విన్నారు కదా! దానికి కారణం నేనే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది స్థిమితంగా చెప్పుకోవచ్చు.

ఓబులేసు మీలో కొందరికి తెలుసు. కడప వైపు మనిషి. ఒక ఖతరీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. ఆయన్ని ఓబులేసు 'బాబా' అంటాడు, కాబట్టి నేనూ అలాగే అంటాను. బాబాకి ఉమ్ సలాల్‌లో తోట ఉంది. తోటలో బోరు నీళ్ళు నిలవ చేసే పెద్ద సిమెంటు తొట్టి ఉంది. తొట్టిలో నాచు తినడానికి ఎప్పుడో వదిలిన జిలేబీ చేపలు ఉన్నాయి. ఎవరూ పట్టరు, ఎవరూ తినరు. ఒక్కొక్కటీ అరచెయ్యంత అయింది.

ఈ సంగతి ఓబులేసు ఒకరోజు నోరు జారాడు. నేను కృష్ణా కాలవ గట్టున పెరిగినవాణ్ణి. ఒక పేపర్లో ఇరవై రెండేళ్ళు డెస్కులో కూర్చుని, అది మూతపడ్డాక ఇక్కడికొచ్చి, స్టేడియం రోడ్లు వేసే కంపెనీలో డ్రాయింగులకి నంబర్లు వేస్తున్నవాణ్ణి. గాలం పట్టి ఎన్నేళ్ళయిందో! నెల రోజులు అతని ప్రాణం తీశాను.

"అడుగుతాలే అన్నా. కానీ ఒక్క తప్పు జరిగినా నా లీవు పోతాది" అన్నాడు.

అతని బాధ అది. కొడుకు పుట్టకముందే వచ్చాడు. వాడికి మూడో ఏడు నిండకుండా పుట్టువెంట్రుకలు తీయించాలి. ఇక రెండు నెలలే ఉంది. బాబాని మూడుసార్లు లీవు అడిగాడు. మూడుసార్లూ "ఇన్షాల్లా" అనే జవాబు. దేవుడి దయ ఉంటే అని అర్థం, అంటే ఇప్పట్లో లేదని. ఇక్కడున్న మనకి ఆ మాట బరువు తెలుసు.

చివరికి బాబా ఒప్పుకున్నాడు. ఒక్క మనిషి, ఒక్క పూట. కారులో దారి పొడుగునా ఓబులేసు నాకు మర్యాదలు నేర్పాడు.

"గేటు కాడ హారన్ కొట్టకూడదన్నా. లోపలికి పోతానే గేటెయ్యల్ల, మేకలుండాయి. ఆడోళ్ళుండే ఇంటి దిక్కు చూడగాకు, ఆపక్కకు వీపు పెట్టి కూచో. ఫోటోలు మాఫీ, తీయనే కూడదు. ఒట్టి చేతుల్తో పోకూడదు. కాఫీ ఇస్తే కుడిచేత్తో తీసుకో. మీలో పెద్దోళ్ళు తాగినాకనే చిన్నోళ్ళు తాగల్ల."

అన్నీ పాటించాను. ఖుబూస్ రొట్టె ముక్క పిసికి ఎర పెడితే గంటలో నాలుగు చేపలు పడ్డాయి. పెద్దది బాబాకిచ్చాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, తలూపాడు. ఓబులేసు ఊపిరి పీల్చుకున్నాడు. కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది!

సాయంత్రం చేపల పులుసు తిని, చెయ్యి ఊరుకోక, మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక వ్యాసం రాశాను. పరాయివాళ్ళ తోటలో చేపలు పట్టేటప్పుడు బయటివాళ్ళం ఎలా మసలుకోవాలి అని. మంచి ఉద్దేశమే! బాబా పేరు రాయలేదు, ఓబులేసు పేరు రాయలేదు. కానీ చోటు చెప్పని వార్త వార్తే కాదు కదా. ఏ రౌండెబౌట్ దగ్గర ఎటు తిరగాలి, నీళ్ళ ట్యాంకు దాటాక ఎన్నో గేటు, ఆ గేటు రంగేమిటి, అన్నీ రాశాను. చేపల సైజూ రాశాను. మర్యాదలన్నీ వరసగా పెట్టి, అడుగున ఒక వాక్యం చేర్చాను: 'యజమాని అనుమతి లేకుండా ఎవరూ వెళ్ళరాదు, నాకు దొరికిన అనుమతి ఒక్కరికి, ఒక్కసారికే.'

ముఖ్యమైనది పైన పెట్టండయ్యా, కింది పేరా ఎవడూ చదవడు అని కొత్తవాళ్ళని ఇరవై రెండేళ్ళు కేకలేసిన మనిషిని నేను. వాట్సాప్‌లో పొడుగు మెసేజీ సగంలో ఆగి 'రీడ్ మోర్' అంటుంది. సెలవురోజు కోసం వారమంతా ఎదురుచూసే మనిషి, చేపల సైజు చూశాక ఇంకేం నొక్కుతాడు?

తరవాతి శుక్రవారం నమాజు వేళ దాటాక ఫోను.

"సార్, నమస్తే. పోశన్నను. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్. మాది జగిత్యాల దిక్కు. మీరు రాసిన కాడికి వచ్చినం. మీరెప్పుడొస్తరు?"

"ఏ కాడికి?"

"గదే, నీలం గేటు. హారన్ కొట్టలే సార్. మీరు రాసినట్టే."

"ఎంతమంది వచ్చారు పోశన్నా?"

"ఎక్కువ లేం సార్. ఒక్క బస్సే."

ఫోను ఓబులేసు చేతికి మారింది. "ఏం పని చేస్తివన్నా! బాబా ఈన్నే ఉండాడు. అందరినీ లోపలికి పిల్చినాడు. సలాం చెప్పి గేటు కాడ నిలబడినోళ్ళని పొమ్మనకూడదంట. నా లీవు పాయె!"

చొక్కా తొడుక్కుంటూ కారెక్కాను. దారిలో రెండుచోట్ల డైవర్షన్. రెండూ మా కంపెనీ పెట్టినవే. ఆ డ్రాయింగులకి నంబర్లు వేసింది నేనే. ఇరవై నిమిషాల దూరానికి యాభై నిమిషాలు పట్టింది.

వెళ్ళేసరికి మేకలు తప్పిపోకుండా గేటు వేసి ఉంది. గోడవారన గాలాలు ముప్పై ఒకటి వరసగా ఆనించి ఉన్నాయి. గుమ్మం బయట చెప్పులు జతలు జతలుగా ఉన్నాయి. మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే పెద్దగదిలో, అందరూ గోడ చుట్టూ బాసింపట్టు వేసుకుని, ఇంటివైపు వీపు పెట్టి కూర్చున్నారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా అంత బుద్ధిగా ఉండరు. బాబా ముందు ఖర్జూరం ప్యాకెట్ల గుట్ట. ఒట్టి చేతులతో వెళ్ళకూడదని రాశానుగా! ఖర్జూరం పండించే మనిషికి తలా ఒక ప్యాకెట్టు ఖర్జూరం తెచ్చారు.

అందరి ముందూ కాఫీ. ఎవరూ ముట్టలేదు.

"తాగరేం?" అని పోశన్న చెవిలో అడిగాను.

"పెద్దోళ్ళు తాగినంకనే అని మీరే రాస్తిరి. మీరు లేకపాయె. ఓబులేసు రెండుసార్లు చల్లారింది పారబోసి మళ్ళ పోసిండు."

అంతలో బాబా లేచి తన చేత్తో నాకు కాఫీ పోశాడు. కుడిచేత్తోనే అందుకున్నాను. కానీ క్షమాపణ చెప్పాలి కదా, దణ్ణం పెట్టడానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఆ చిన్న కాఫీ గిన్నెని జాగ్రత్తగా కింద పెట్టాను.

బాబా నిండుగా ఉన్న ఆ గిన్నెలన్నీ ఒకసారి చూశాడు. తన చోటికి వెళ్ళి నిటారుగా కూర్చున్నాడు. మొహంలో నవ్వు పోయింది. అరబ్బీ, హిందీ కలిపి ఏదో అడిగాడు.

ఓబులేసు దల్లా పట్టుకుని బిగుసుకుపోయాడు. దల్లా అంటే ఆ పొడుగు ముక్కు కాఫీ కూజా.

"ఏమంటాడు?" అన్నాను.

"దేనికొచ్చినారో చెప్పమంటాడన్నా. వీళ్ళల్లో కాఫీ ముట్టకుండా కింద పెడితే, ఏదో పెద్ద కోరిక అడగను వచ్చినట్టు. ఆయప్ప సరే అనేదాకా తాగరు. ఇంతమంది కలిసొస్తే కాదనకూడదంట. ఒకటే అడగల్ల."

ముప్పై ఒక్క మంది నావైపు చూశారు. కిటికీలోంచి తొట్టి కనపడుతోంది. సరిగ్గా అప్పుడే ఒక చేప ఎగిరి పడింది.

మీ దగ్గర దాపరికం ఎందుకు! 'సమక్' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అరబ్బీలో చేప అంటే అదే. నాకొచ్చిన పది అరబ్బీ మాటల్లో అదొకటి. 'స' అన్నాను కూడా.

పోశన్న నా మోకాలు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. నేను దారిలో ఉన్న యాభై నిమిషాల్లో ఓబులేసు కాఫీ పోసినప్పుడల్లా అతని చెవిలో తన లీవు గోడు చెప్పుకుని ఏడ్చాడట.

"బాబా" అన్నాడు పోశన్న, గొంతు సవరించుకుని. "ఇస్కో ఛుట్టీ దేదో. అప్నా బచ్చా కో ఇస్నే ఆజ్ తక్ దేఖా నహీ." ఇతనికి సెలవివ్వండి, కన్నకొడుకుని ఇంతవరకూ చూడలేదు అని.

బాబా ఓబులేసు వైపు తిరిగాడు. "ఛుట్టీ? దానికి బస్సు నిండా మనుషులా? నువ్వే అడిగితే సరిపోదా?"

ఓబులేసు దించిన తల ఎత్తలేదు. "మూడుసార్లు అడిగినా బాబా" అన్నాడు, అదీ తెలుగులో. దానికి అనువాదం అవసరం పడలేదు.

బాబా కాసేపు ఖర్జూరం ప్యాకెట్లు చూశాడు. తరవాత గాలిలో చెయ్యి ఊపాడు. "ఖలాస్! వచ్చే వారం పో. మూడు నెలలు. యల్లా, తాగండి!"

అందరూ ఒక్కసారే గుటకేశారు. ఆ చప్పుడు బయట మేకలకి కూడా వినపడి ఉంటుంది. ఓబులేసు ఏడుస్తూ, నవ్వుతూ, నా పంచె మీద కూడా కాఫీ పోశాడు.

గాలాలు మాత్రం గోడవారనే ఉండిపోయాయి. ఒక కోరిక తీరింది, రెండోది అడగడం మర్యాద కాదు. బస్సెక్కేటప్పుడు ఒకతను పోశన్నతో, "మామా, తొట్టి దాకనన్న పోకపోతిమి" అన్నాడు. "నోర్మూసుకోని ఎక్కురా, పోరడు తండ్రిని జూస్తడు" అన్నాడు పోశన్న.

అందరూ కదులుతుండగా బాబాకి ఏదో గుర్తొచ్చింది. శుక్రవారాల్లో చేపలకి మేత వేసేది ఓబులేసేనట. అతను వెళ్తే ఎవరు వేస్తారు అని అడిగాడు. ముప్పై ఒక్క వేళ్ళు నన్ను చూపించాయి.

ఇదిగో, అప్పటినుంచీ శుక్రవారం వస్తే నా పని అదే. గాలం లేదు. ఖుబూస్ సంచీ పట్టుకుని వెళ్తాను, ముక్కలు చేసి వేస్తాను, చేపలు తింటాయి, వచ్చేస్తాను. బాగా లావెక్కాయి.

మొన్న మేత వేస్తుంటే ఓబులేసు వీడియో కాల్ చేశాడు. చంకలో పిల్లాడు. నున్నటి గుండు, దాని నిండా గంధం. నా మొహం కనపడగానే వాడు గుక్కపట్టాడు. ఏం చెయ్యాలో తోచక ఫోను నీళ్ళవైపు వంచాను. టక్కున ఆపాడు! చేపలు మూతులు తెరుచుకుని వస్తుంటే కేరింతలు. నాక్కూడా సంతోషమేసి, వాడితో రెండు ముక్కలు మాట్లాడదామని ఫోన్లోకి తల పెట్టాను. మళ్ళీ ఏడుపు.

"అన్నా" అన్నాడు ఓబులేసు, ఎంతో మర్యాదగా. "ఏమనుకోగాకు. నువ్వు రోంత పక్కకు జరుగు. చేపలు కనపడడం లేదంట."