మెడ దాకా వచ్చిన విగ్రహం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో మా కళాకారుల బృందం అండతో మొదటిసారి ఇనుము కరిగించి విగ్రహం పోశాను. పిడికిలెత్తిన రైతు మహిళ. మిత్రులంతా విరిగిన పంపులు, కుట్టుమిషన్ చక్రాలు మోసుకొచ్చారు. పాత ఇంజన్ ఇస్తానన్న నాయకుడు మాత్రం మాటిచ్చి మరిచాడు. ఇనుము మెడ దాకా వచ్చి అయిపోయింది. ఆవిష్కరణ మర్నాడే!

“ఫికర్ చెయ్యకక్కా, తల మల్ల పోద్దాం” అన్నారు మావాళ్లు.

పెద్ద పూలదండతో ఆ నాయకుడే వచ్చి ముసుగు లాగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

“తల్కాయేదక్కా? దండ ఏడెయ్యాలె?”

“మీరిస్తనన్న ఇంజన్లోనే ఉండిపోయిందన్నా” అన్నాను.

జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వి, దండ తన మెడలోనే వేసుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు.

తర్వాత తల పోశాం. రాష్ట్రమూ వచ్చింది. ఆ దండ మాత్రం ఇంకా ఆయన మెడ దిగలేదు.