హనోకు తెప్పించిన అరవై చాయ్‌లు

అడగకముందే తెచ్చిపెట్టింది ఏది కనబడినా హనోకుకు లెక్కే: ఎంత తెచ్చారు, ఎంత వాడారు, ఎంత పారేశారు? పెళ్లి భోజనాల్లో ప్లేట్లు చూసి, "వందకు ముప్పై వేస్టు" అని పెళ్లికొడుకు చెవిలో చెప్పొచ్చిన ఘనుడు. అలాంటివాడు మేనేజరు జయప్రకాష్‌తో కొట్లాడి గెలవడం నేను కళ్లారా చూశాను.

బోధన్ అవతల చక్కెర మిల్లు కాటా పక్కన నాది చాయ్ బండి. రెండో తరగతిలోనే బడి మానేసినా, ఏ చెరుకు ట్రాక్టరు ఎవరిదో చప్పుడు వినే చెబుతాను. ఈ సీజన్లో ఆ ట్రాక్టర్లన్నీ కాటా ముందే ఆగిపోయాయి. నంబరు కొడితే కంప్యూటర్లో రైతు పేజీ వచ్చేసరికి తల నెరిసేది.

"ఏమ్మాయ్, నువ్వు పేజీ తీసేలోపు నా చెరుకు చీపురుపుల్లలైపోద్ది!" అని చెంచురామయ్య గారు కాటా గదిలో కంప్యూటరు కొట్టే శిరీషను కసిరేవారు.

"పిల్ల చెయ్యి స్లో. సోమవారం నుంచి తీసేస్తున్నా," అనేశాడు మేనేజరు.

మిల్లు కంప్యూటర్లు చూసే హనోకు మూడు రోజులు ఆమె వెనకే నోటుబుక్కుతో నిలబడ్డాడు. చాడీలు రాస్తున్నాడని నేను దులిపేశాను.

"అడగకముందే ముప్పై తిట్లు తిట్టినవ్ అవ్వా. పనికొచ్చేటియి రెండే," అన్నాడు.

నాలుగో రోజు మేనేజరు ముందు నిలబడ్డాడు. "శిరీష చెయ్యి మంచిగనే ఉన్నది సార్. మిషనే ఎగవడుతున్నది. ఒక్క రైతు పేజీ అడిగితే ఆ ఊరోళ్ల పేజీలన్నీ ముందే గుంజుకొస్తున్నది. వంద తెస్తే మనం సదివేది నాలుగు."

"ముందే తెస్తే మంచిదే కదా?"

"బండ్లు ఊరి వరుసల వస్తే మంచిదే. రెంజల్ బండి ఎనక ఇంకో ఊరి బండి వస్తున్నదాయె!"

"నాకు సదువు చెప్పకు. చాయ్ చెప్పు."

హనోకు నా చెవిలో ఏదో ఊదాడు. నేను ఇరవై కప్పులు నింపి, తట్టలో పేర్చి, మెల్లగా మోసుకెళ్లాను.

"ఒక్క చాయ్‌కి ఇంతసేపా?"

"ఇరవై పొయ్యాలె కద సారూ."

"ఎవరడిగిండ్రు?"

"మీ ఎనక ఎవలన్న అడుగుతరేమోనని."

మిగిలినవి డ్రైవర్లు తాగారు. రెండోసారి అడిగినా ఇరవై. మూడోసారి మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "పిచ్చి లేసిందా? ఒక్కటి అడిగితే ఒక్కటే తే!"

"గా మాటే మిషన్‌కు చెప్త సార్," అన్నాడు హనోకు.

చెప్పాడు. మధ్యాహ్నానికి లైను కదిలింది. చెంచురామయ్య గారు నోరు తెరిచేలోపే రసీదు చేతిలో పడింది. మేనేజరు మాత్రం మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి హనోకు నన్ను పక్కకు పిలిచాడు.

"అవ్వా, మిషన్ తప్పు కనిపెట్టింది సారే అని లైన్ల అందరికి చెప్పు."

"కష్టం నీది, పేరు ఆయనదారా?"

"పేరొస్తే పిల్లను తీసెయ్యడు. నువ్వు ఆయన కిటికీ కిందనే నిలవడి, జర గట్టిగ చెప్పు."